ఎడమ పక్క పుల్లలు తెగుతున్న వెనక చక్రం: కొత్త హబ్బు, రిమ్ము ఎలా ఎంచుకోవాలి

విజయనగరం నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. బరువు 84 కిలోలు. రిమ్ము బ్రేకుల రోడ్డు బైకు, షిమానో 105 ఆర్7000 గేర్లు, బ్రేకుల సెట్టు, వెనక 11 స్పీడు, 28 మి.మీ. టైర్లు. వారంలో మూడు రోజులు చింతపల్లి బీచి వైపు, ఆదివారాలు ఎస్.కోట మీదుగా అరకు ఘాటీ, ముందుముందు నిర్ణీత సమయంలో ముగించాల్సిన 300 కిలోమీటర్ల దూరపు సవారీ, బీఆర్‌ఎం. బైకుతో పాటు వచ్చిన వెనక చక్రంలో ఎడమ పక్క పుల్లలు (స్పోకులు) మూడుసార్లు తెగాయి. కొత్తగా చక్రాలు అల్లించుకోవాలి. రిమ్ము కార్బన్ తీసుకోవాలా, అల్యూమినియమా? హబ్బు ఏది? ఎన్ని రంధ్రాలు?

ముందు ఆ తెగిన పుల్లల సంగతి తేల్చుకుందాం. ఏ హబ్బు, ఏ రిమ్ము అన్నది అక్కడి నుంచే తేలుతుంది.

పుల్ల తెగితే ఎక్కువ బిగించేశారని షాపుల్లో అంటారు. ఎడమ పక్కన, అదీ హబ్బు అంచులో దూరే మెడ వంపు దగ్గర తెగితే, చాలాసార్లు కారణం అందుకు తలకిందులు: అది వదులుగా ఉంది. బండి బరువు మోసేటప్పుడు నేల వైపున్న నాలుగైదు పుల్లల బిగువు తగ్గుతుంది, చక్రం తిరగగానే మళ్లీ పెరుగుతుంది. 28 టైరుతో చక్రం చుట్టుకొలత 2.1 మీటర్ల పైమాట, అంటే కిలోమీటరుకు సుమారు 470 చుట్లు. 300 కిలోమీటర్లలో ప్రతి పుల్లా లక్షా నలభై వేల సార్లు వదులై బిగుసుకుంటుంది. బిగువు బాగా ఉన్న పుల్లకు ఇది లెక్కలోది కాదు. వదులు పుల్ల మాత్రం గుంత తగిలినప్పుడల్లా పూర్తిగా జారిపోయి, మెడ అంచులో కదిలి, మళ్లీ ఠక్కున లాగబడుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపడం లాంటిదే ఇది. అదే వదులు వల్ల నిపుల్ (పుల్లను రిమ్ముకు బిగించే చిన్న నట్టు) కూడా దానంతటదే తిరిగి ఇంకా వదులవుతుంది. తెగిన పుల్ల ఒక్కటీ మార్చి బెండు తీస్తే మిగతావాటి వదులు అలాగే ఉంటుంది. కొన్నాళ్లకు పక్కది తెగుతుంది.

ఎడమ పక్కే ఎందుకు వదులవుతుంది? కుడి వైపు క్యాసెట్, అంటే గేర్ల పళ్ల చక్రాల గుత్తి, ఉంది కాబట్టి. రిమ్ము బ్రేకు బండి వెనక ఫోర్కు లోపలి దూరం 130 మి.మీ. అందులో క్యాసెట్‌కు చోటు ఇవ్వాలంటే కుడి అంచును లోపలికి, హబ్బు మధ్యకు జరపాలి. 11 స్పీడు వచ్చాక ఫ్రీహబ్ (హబ్బు మీద క్యాసెట్ కూర్చునే భాగం) ఇంకో 1.85 మి.మీ. పొడవైంది, దానితో చోటు మరింత ఇరుకైంది. హబ్బు మధ్య నుంచి కుడి అంచు 17.5, ఎడమ అంచు 36 మి.మీ. దూరంలో ఉన్నాయనుకోండి. రిమ్ము మధ్యలో నిలవాలంటే రెండు పక్కల లాగుడు సమానం కావాలి. నిట్టనిలువుకు దగ్గరగా ఉన్న కుడి పుల్లలు గట్టిగా లాగితేనే, వాలుగా ఉన్న ఎడమ పుల్లల మెల్లని లాగుడుకు సరితూగుతాయి. లెక్క తేలిక: 17.5ని 36తో భాగిస్తే 0.49. కుడి పక్క 120 కిలోల బలంతో బిగిస్తే ఎడమ పక్క 58 దగ్గరే ఆగుతుంది. ఇంకా బిగిద్దామంటే రిమ్ము ఎడమకు జరిగిపోతుంది. మేస్త్రీ ఎంత పనివాడైనా ఈ 58ని 80 చేయలేడు. అది హబ్బు తయారైన రోజే రాసిపెట్టి ఉంటుంది.

అందుకే హబ్బు కొనేటప్పుడు గ్రాములకంటే ముందు ఈ రెండు దూరాలు చూడండి. తయారీదారు ఇచ్చే కొలతల బొమ్మలో ఇవి ఉంటాయి. అక్కడ మధ్య నుంచి దూరాలు కాక అంచు నుంచి అంచుకు మాత్రమే ఇస్తే, యాక్సిల్ చివరల నుంచి ఉన్న కొలతతో లెక్కగట్టుకోవాలి. కొలతలే ఇవ్వని హబ్బు ఎంత చవకైనా వదిలేయండి. కుడి దూరం 16.5 ఉన్న హబ్బుకు, 18.5 ఉన్న హబ్బుకు కంటికి తేడా కనపడదు. కానీ మొదటిదానిలో ఎడమ 36 అయితే 120కి 55 వస్తుంది. రెండోదానిలో ఎడమ 35 అయితే 63 వస్తుంది. మీరు వద్దనుకుంటున్న తెగుడుకు ఆ ఎనిమిది కిలోలే అడ్డుగోడ. ఇక్కడ ఒక కిటుకు కూడా జరుగుతుంటుంది. కొందరు ఎడమ అంచును బాగా లోపలికి తెచ్చి, 30 దగ్గర పెట్టి, రెండు పక్కల బిగువు దగ్గరదగ్గరగా ఉందని చూపిస్తారు. శాతం పెరిగేది నిజమే, కానీ చక్రం ఆధారపడే వెడల్పు తగ్గి, ఎక్కుడులో నిలబడి తొక్కితే రిమ్ము పక్కకు ఊగి బ్రేకు కట్టలకు రాసుకుంటుంది. 84 కిలోల మనిషికి కుడి దూరం పెరగడమే అసలు లాభం. ఎడమ 34కు తగ్గకుండా ఉంటే మంచిది.

హబ్బు లోపలి సంగతి. షిమానో 105 హబ్బు కప్పు, కోను, గోళీల పద్ధతి. వెనక పక్కకు 9 చొప్పున పావు అంగుళం గోళీలు, అంటే మన సైకిలు షాపులన్నిటిలో తెలిసిన కొలతే. విప్పి, కడిగి, గ్రీజు మార్చి, పల్చటి కోను స్పానర్‌తో సరిచేస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. గోళీలు మాత్రం మంచి రకం తేవాలి. పాత, కొత్త కలిపి వేయకండి. లోపం ఏమిటంటే గ్రీజు ఎండిపోయాక పట్టించుకోకుండా తొక్కితే కప్పులో గుంటలు పడతాయి, కప్పు హబ్బులో భాగం కాబట్టి హబ్బే పోతుంది. కోను సర్దడంలో ఒక చిన్న మాట: చేత్తో పట్టుకున్నప్పుడు అణువంత ఆట ఉండాలి, క్విక్ రిలీజు బిగించగానే ఆ ఆట పోవాలి. చేతిలోనే ఆట లేకుండా బిగిస్తే ఫ్రేములో కూర్చున్నాక గోళీలు నలిగిపోతాయి.

నొవాటెక్, బైటెక్స్ లాంటి తైవాన్ హబ్బుల్లో, డీటీ స్విస్ 350లో మూతపెట్టిన కార్ట్‌రిడ్జ్ బేరింగులు ఉంటాయి. పాడైతే కొట్టి తీసి కొత్తవి నొక్కడమే. కొనేముందు లోపల ఏ నంబరు బేరింగులు వేశారో చూడండి. 6001 లాంటి నంబరు మామూలు యంత్రాలకూ వాడేది, విజయనగరం బేరింగు షాపులో అడగ్గానే దొరకవచ్చు. 6902 అంటే లోపలి వ్యాసం 15, బయట 28, మందం 7 మి.మీ. 6802 మందం 5 మాత్రమే. పల్చటి 68 వరుస బేరింగులో గోళీలు చిన్నవి, ఉప్పు తేమ చొరబడితే త్వరగా గరగరమంటాయి. బీచి రోడ్డు మీద తొక్కేవారికి మందపు బేరింగున్న హబ్బు మేలు. రెండు పక్కలా రబ్బరు మూత ఉండాలి. బండి కడగడానికి వాటర్ సర్వీసింగ్ పైపు దగ్గరికి తీసుకెళ్లకండి. ఆ ఒత్తిడికి ఏ మూతా ఆగదు.

ఫ్రీహబ్ ఇనుముదైతే నిశ్చింత. అల్యూమినియం ఫ్రీహబ్ తేలిక, కానీ విడివిడి పళ్ల చక్రాలు దాని గాడుల్లోకి కొరుక్కుపోయి, చివరకు క్యాసెట్ ఊడదీయడానికి సుత్తి పట్టాల్సి వస్తుంది. నొవాటెక్ కొన్నింటికి ఆ కొరుకుడు ఆపే ఉక్కు పట్టీ ఇస్తుంది, అది ఉన్నది తీసుకోండి. మీ 11 స్పీడు క్యాసెట్ నేరుగా సరిపోతుంది. ఎప్పుడైనా 8, 9, 10 స్పీడు క్యాసెట్ వేస్తే వెనక 1.85 మి.మీ. వాషరు కావాలి, కొన్ని షిమానో 10 స్పీడు క్యాసెట్లకు ఇంకో 1 మి.మీ. వాషరు కూడా. లాక్‌రింగ్ (క్యాసెట్‌ను పట్టి ఉంచే మర) బిగువు 40 న్యూటన్ మీటర్లు.

ఇక రిమ్ము. కార్బన్ ప్రశ్నకు సూటి జవాబు: రిమ్ము బ్రేకులతో అరకు ఘాటీ దిగే 84 కిలోల మనిషికి కార్బన్ క్లించర్ (మామూలుగా ట్యూబు, టైరు వేసే రకం రిమ్ము) వద్దు. ఘాటీలో వంపు వంపుకూ బ్రేకు పడుతుంది, మీ బరువూ వేగమూ అంతా బ్రేకు కట్టల దగ్గర వేడిగా మారుతుంది. అల్యూమినియం ఆ వేడిని లాగి గాలికి వదిలేస్తుంది. కార్బన్‌లో వేడి అక్కడే నిలబడుతుంది, పోగుల్ని పట్టి ఉంచే రెసిన్ మెత్తబడితే టైరు గాలి ఒత్తిడికి పక్క గోడ బయటికి ఉబ్బుతుంది. వానలో కార్బన్ బ్రేకింగ్ మరీ బలహీనం. ఇదే కారణానికి ఘాటీ రోజు లేటెక్స్ ట్యూబు కూడా వాడకండి, మామూలు బ్యూటైల్ ట్యూబే వాడండి. డిస్కు బ్రేకు బండైతే ఈ పేరా అక్కర్లేదు, అక్కడ కార్బన్ గురించి వేరే లెక్క.

అల్యూమినియంలో లోపలి వెడల్పు 18 నుంచి 20 మి.మీ. మధ్య చూడండి. పాత 15 మి.మీ. రిమ్ము మీద 28 టైరు లాంతరు బల్బులా నిలబడి మలుపులో ఒరుగుతుంది. మరీ వెడల్పయితే టైరు ఉబ్బి బ్రేకు కాలిపర్‌కు తగులుతుంది. ఆర్7000 కాలిపర్‌కు కంపెనీ చెప్పిన హద్దు 28. 20 మి.మీ. రిమ్ము మీద 28 అని రాసిన టైరు గాలి కొట్టాక 29 దాటవచ్చు. కొనేముందు ఉన్న టైరు మీద ఫోర్కు కింద, బ్రేకు కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి, 4 మి.మీ. మిగలాలి. డీటీ స్విస్ ఆర్460 లోపలి వెడల్పు 18, బరువు పేరులోనే ఉంది, సుమారు 460 గ్రాములు. హెచ్ ప్లస్ సన్ ఆర్కిటైప్ 25 మి.మీ. ఎత్తు, 23 వెడల్పు. కిన్‌లిన్ ఎక్స్‌ఆర్31టి ఎత్తు 31, అందుకే నిలువుగా బాగా గట్టిది. ఈ తరగతిలో ఏది దొరికినా మీ పనికి సరిపోతుంది. రిమ్ము 400 గ్రాముల లోపుకు దిగితే లోహం ఎక్కడో ఒకచోట పల్చబడుతుంది. అది బ్రేకు గోడలోనైనా, పుల్ల రంధ్రం చుట్టూనైనా మీకు నష్టమే. గట్టి రిమ్ముకు ఇంకో మేలుంది: బరువును కింది నాలుగు పుల్లల మీదే పడేయకుండా ఏడెనిమిదికి పంచుతుంది. వదులు పుల్లల బాధకు అదీ మందే.

రిమ్ము ఎంపికలో మీకు బాగా పనికొచ్చేది పుల్ల రంధ్రాలు ఒక పక్కకు జరిపిన రిమ్ము, అంటే ఆఫ్‌సెట్ రిమ్ము. డీటీ స్విస్ ఆర్ఆర్411లో, వెలాసిటీ ఏ23లో అలాంటివి ఉన్నాయి. రంధ్రాలు 2.5 మి.మీ. ఎడమకు జరిగితే లెక్క ఇలా మారుతుంది: కుడి 17.5కు 2.5 కలిపి 20, ఎడమ 36 నుంచి 2.5 తీసి 33.5. భాగిస్తే 0.6 దగ్గర. కుడి 120 అయితే ఎడమ 72. అదే హబ్బు, అదే మేస్త్రీ, 14 కిలోలు అదనం. ఖర్చు పెట్టగలిగితే ముందు ఇక్కడ పెట్టండి. అల్లేటప్పుడు ఒక్క జాగ్రత్త: రంధ్రాలు క్యాసెట్‌కు దూరంగా, ఎడమ వైపుకు ఉండాలి. తిప్పి అల్లితే 15ని 38.5తో భాగించాలి, అంటే 0.39. ఇప్పుడున్న చక్రం కంటే ఘోరం. రిమ్ము మేస్త్రీ చేతిలో పెట్టేముందు కుడి పక్కన స్టిక్కరు అంటించి ఇవ్వండి.

హుక్‌లెస్ రిమ్ము, అంటే టైరు అంచును పట్టే కొక్కెం లేనిది, మీకు పడదు. వాటికి టైరు గాలి హద్దు 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ. మీ బరువుకు వెనక 28 టైరులో 80కి అటూ ఇటూ కావాలి. హుక్కు ఉన్న రిమ్మే తీసుకోండి.

రంధ్రాలు ముందు 28, వెనక 32. మన పాత నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 వేసేవారు. వెనక చక్రం మోసేది ఎక్కువని ఆ తయారీదారులకు బాగా తెలుసు. 28, 32 జోడి హబ్బులు దొరక్కపోతే 32, 32 తీసుకోండి. నాలుగు పుల్లలు అదనమైతే పెరిగేది 28 గ్రాములే. షిమానో 105 హబ్బులో అసలు 32, 36 తప్ప తక్కువ రంధ్రాలు దొరకడం కష్టం కూడా. 20, 24 పుల్లల చక్రంలో దారిలో ఒకటి తెగితే రిమ్ము బ్రేకుకు ఆనుకుని బండి కదలదు. 32లో ఒకటి తెగినా బ్రేకు కాస్త వదులు చేసుకుని పలాస నుంచి శ్రీకాకుళం దాకా కూడా తొక్కుకుని రావచ్చు.

పుల్లలు: కుడి పక్క 2.0, మధ్యలో 1.8, మళ్లీ 2.0 మందం ఉన్నవి. సేపిమ్ రేస్, డీటీ కాంపిటిషన్ ఈ రకం. ఎడమ పక్క మధ్యలో ఇంకా సన్నం, 1.65 లేదా 1.5 ఉన్నవి. వదులు పక్క సన్న పుల్ల ఏమిటి, ఇంకా బలహీనం కాదా అనిపిస్తుంది. కాదు. 1.5 పుల్ల అదే లాగుడుకు 1.8 పుల్ల కంటే దాదాపు 1.4 రెట్లు సాగుతుంది. ఎక్కువ సాగిన రబ్బరు పట్టీలా, రిమ్ము కిందికి నొక్కుకున్నా అందులో ఇంకా కొంత సాగుడు మిగిలి ఉంటుంది, పూర్తిగా వదులవదు. తెగేది మెడ దగ్గర, అక్కడ మందం 2.0 అలాగే ఉంది. నిలువునా ఒకే మందం ఉన్న పుల్ల బలంగా కనిపిస్తుంది గానీ మెడ దగ్గర ముందు తెగేది అదే. సన్న పుల్లకు ఒక ఇబ్బంది ఉంది. నిపుల్ తిప్పితే పుల్లే మెలి తిరుగుతుంది. పుల్ల మీద పెన్నుతో నిలువు గీత గీసి, గీత తిరిగినంత వెనక్కి తిప్పితే మెలి పోతుంది.

నిపుల్స్ ఇత్తడివే, నికెల్ పూసినవి. ఈ విషయంలో బేరం లేదు. అల్యూమినియం నిపుల్స్ మొత్తం మీద 40 గ్రాములు ఆదా చేస్తాయి. చింతపల్లి, కళింగపట్నం గాలిలోని ఉప్పు తేమ స్టెయిన్‌లెస్ పుల్లకు, అల్యూమినియం నిపుల్‌కు మధ్య చేరితే రెండు వేర్వేరు లోహాల మధ్య తుప్పు మొదలై, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. ఒకట్రెండు వానాకాలాల తర్వాత బెండు తీద్దామని తిప్పితే నిపుల్ తల ఊడి చేతికొస్తుంది. పుల్ల మరలకు అవిసె నూనె రాసి అల్లమనండి. అది మెల్లగా గట్టిపడి ఎడమ నిపుల్స్ వదులవకుండా పట్టుకుంటుంది, కావాలన్నప్పుడు తిప్పితే తిరుగుతుంది. రిమ్ములో నిపుల్ కూర్చునే చోట మాత్రం మామూలు నూనె చుక్క వేయాలి.

పుల్లల పొడవు హబ్బు, రిమ్ము చేతికి వచ్చాకే ఆర్డరు చేయండి. కేటలాగులో ఇచ్చిన ఈఆర్‌డి, అంటే నిపుల్ లోపల పుల్ల కొస ఆగాల్సిన చోటు నుంచి ఎదురు పుల్ల కొస దాకా వ్యాసం, కొన్నిసార్లు 2, 3 మి.మీ. తేడా ఉంటుంది. రెండు పాత పుల్లల్ని సరిగ్గా 200 మి.మీ. ఉండేలా కత్తిరించి, కొస నిపుల్ తల గాడి అడుగుకు సమానమయ్యేలా బిగించండి. ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి లోపలికి లాగి పట్టుకుని, మధ్య ఖాళీ కొలవండి. 32 రంధ్రాల్లో ఎదురుది ఇటు నుంచి 16వది. ఖాళీకి 400 కలిపితే ఈఆర్‌డి. మూడు చోట్ల కొలిచి సగటు తీయండి.

లెక్కకు ఉదాహరణ ఒకటి చూడండి. ఈఆర్‌డి 590, హబ్బు అంచు రంధ్రాల వలయం వ్యాసం 49, 32 పుల్లలు, మూడు దాటులు (ఒక్కో పుల్ల మరో మూడింటిని దాటే అల్లిక). సగాలు 295, 24.5. కోణం 360ని పక్కకు 16తో భాగించి 3తో గుణిస్తే 67.5 డిగ్రీలు, దాని కాస్ విలువ 0.383. 295 వర్గం, 24.5 వర్గం, కుడి దూరం 17.5 వర్గం కలిపి, అందులోంచి 2 × 295 × 24.5 × 0.383 తీసేసి, వర్గమూలం కట్టి, అంచు రంధ్రంలో సగం 1.25 తీసేయాలి. కుడి 285.8 వస్తుంది. ఎడమకు 17.5 బదులు 36 వేస్తే 287.5. అంటే 286, 288 కొనాలి. ఆఫ్‌సెట్ రిమ్మయితే ఆ 2.5 కలిపీ తీసీ చేసిన దూరాలు వేయాలి. 1 మి.మీ. కంటే ఎక్కువ పొడవైతే పుల్ల కొస మరలు అయిపోయి నిపుల్ బిగుసుకోవడం ఆగిపోతుంది. 2 మి.మీ. పొట్టిదైతే బలమంతా నిపుల్ మెడ మీద పడి తల తెగుతుంది.

అల్లిక మేస్త్రీ పని. మన షాపుల్లో చెవితో విని బెండు తీయగలవారు ఉన్నారు, వారికి సరైన సరుకు, అంకెలు ఇస్తే చక్కగా చేస్తారు. మీరు అడగాల్సినవి కొన్నే. రిమ్ము పక్కకు 0.3 మి.మీ. లోపు, ఎత్తుపల్లం 0.5 లోపు రావాలి. కుడి పుల్లలు 110 నుంచి 120 కిలోలు, రిమ్ము కంపెనీ అంతకంటే తక్కువ హద్దు చెబితే అదే. ఒకే పక్క పుల్లల మధ్య తేడా పదో వంతు మించకూడదు. బిగువు కొలిచే మీటరు లేకపోతే ఒకే పక్క పుల్లల్ని మీటితే ఒకే స్వరం పలకాలి. బిగింపు అయ్యాక, ఒకే పక్క సమాంతరంగా నడిచే పుల్లల జతల్ని రెండు చేతులతో గట్టిగా పిండి, మళ్లీ బెండు చూసి, మళ్లీ పిండాలి. మెడ వంపు హబ్బు అంచులో పూర్తిగా కూర్చునేది ఈ పిండుడుతోనే. ఇది వదిలేసిన చక్రం మొదటి 200 కిలోమీటర్లలోనే బిగువు పోగొట్టుకుంటుంది.

బ్రేకు కట్టలు కూల్‌స్టాప్ సాల్మన్ లాంటి మెత్తటివి వేయండి. ఇసుక రేణువు గుచ్చుకుంటే కనిపించగానే సూదితో తీసేయాలి, లేకపోతే అది రిమ్ము గోడను గీసుకుంటూ పోతుంది. గోడ మీద అరుగుదల చుక్క చెరిగినా, స్కేలు ఆనించి చూస్తే గోడ లోపలికి గుంట పడినా ఆ రిమ్ముతో ఘాటీ దిగకండి. పుల్లలు మాత్రం అలాగే ఉంచి, అదే ఈఆర్‌డి ఉన్న కొత్త రిమ్మును పక్కన కట్టి ఒక్కొక్క పుల్లా మార్చుకోవచ్చు. అందుకే ఒకే రకం రిమ్ము ఇంకొకటి ఇప్పుడే కొని దాచుకోవడం మంచిది.

బీచి నుంచి వచ్చిన రోజు మంచినీళ్లు చెంబుతో పోసి హబ్బు, నిపుల్స్ చుట్టూ ఉప్పు కడిగేయండి. పుల్లల ఆర్డరులో ప్రతి పొడవుకూ మూడేసి అదనంగా రాయండి. బీఆర్‌ఎం రోజు కుడి ఒకటి, ఎడమ ఒకటి, రెండు నిపుల్స్, నిపుల్ తాళం, వీటిని ఎడమ చైన్‌స్టేకు (వెనక చక్రం పక్కన ఫ్రేము కింది గొట్టానికి) టేపుతో అంటించుకుని బయల్దేరండి. ఎడమ పుల్ల మార్చడానికి క్యాసెట్ విప్పక్కర్లేదు, టైరు కూడా ఊడదీయకుండా పాత నిపుల్‌లోనే కొత్తది బిగించవచ్చు.